అంతా తేనెరంగే

పోయిన వారం వెండెల్ క్రౌచ్‌ని అతని ట్రక్కులోనే, మార్లిస్ టాలెఫ్‌సన్ గేటు బయట కూర్చోబెట్టి వచ్చేశాం. ఇంకా అక్కడే ఉన్నాడు. ఇంజను ఆపాడు కానీ తలుపు తీయలేదు. పక్క సీట్లో ఒక గాజు సీసా, అందులో తన పెరట్లో పండిన గంజాయి. ఆ సీసా ఎందుకు తెచ్చాడో మరిచిపోయిన వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను.

వెండెల్ భార్య ఒడెట్‌కి నడుములో నరం నలిగి ఏళ్లయింది. చీకటి పడితే చాలు, ఆ నొప్పి ఆమెను పడుకోనివ్వదు. డాక్టర్లిచ్చిన మాత్రలు కడుపులో నిలవవు. పట్నం షాపుల్లో అమ్మే సరుకు ఒంటికి పడదు. పడేది ఒక్కటే, తమ గింజతో తమ పెరట్లో పెంచుకున్న, చట్టం ఒప్పుకునే ఆరు మొక్కలు. వాటిని కోసి, ఆరబెట్టి, వెన్నలో కాచి, ఆ వెన్న రాసిన రొట్టెముక్క తింటే తెల్లారేదాకా హాయిగా నిద్రపోతుంది. ఏడాదికి ఒక్కటే పంట. అది చెడిందంటే మళ్లీ వచ్చే అక్టోబరు దాకా ఆమెకు నిద్ర లేనట్టే. ఈసారి కొమ్మ పట్టుకెళ్తే మార్లిస్ చూసి 'కోసెయ్' అంది, వెండెల్ కోసేశాడు. కొత్త వెన్న తిన్న రాత్రి ఒడెట్ నిద్రపోలేదు సరికదా, గుండె దడదడలాడిపోతుంటే మంచం అంచు పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతి మధ్యాహ్నం వెండెల్ ఎవరికీ చెప్పకుండా సీసా తీసుకుని బయల్దేరాడు.

అడగడానికి వచ్చాడు. అడగడమెలాగో తెలియక కూర్చున్నాడు.

అతని ఇబ్బంది మీకు అర్థం కావాలంటే మా కొండ మీద మార్లిస్ అంటే ఏమిటో తెలియాలి. గంజాయి మొక్కకు నీళ్లు పెట్టడం, ఎరువేయడం, జింకలు దూరకుండా కంచె కట్టడం మా దగ్గర ఎవరికైనా వచ్చు. ఎప్పుడు కోయాలన్నదే చిక్కు. మొగ్గల మీద సన్నటి జిగురు బొట్లుంటాయి, ఉప్పురవ్వ కంటే చిన్నవి. వాటిని భూతద్దంలో చూడాలి. మొదట నీళ్లలా ఉంటాయి, కొన్నాళ్లకు పాలరంగు తిరుగుతాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే తేనెరంగుకు వస్తాయి. 'నీళ్ల మీద కోస్తే దడ, పాల మీద కోస్తే నవ్వు, తేనె మీద కోస్తే నిద్ర' అని మా వాళ్ల సామెత. తొందరపడితే దడే మిగులుతుంది. మరీ ఆగితే వాన కురిసి, మొగ్గ లోపల బూజు పట్టి, చేతికొచ్చింది కాస్తా మట్టిపాలవుతుంది. అందుకే సెప్టెంబరు వెళ్లేసరికి తలా ఒక కొమ్మ విరుచుకుని మార్లిస్ వరండాకు చేరతారు. ఆమె గడియారాలు బాగుచేసేవాళ్ల నల్లటి భూతద్దాన్ని కంటికి తగిలించుకుని, కాసేపు గాలి పీల్చడం కూడా మానేసి చూసి, 'కోసెయ్' అనో 'ఆగు' అనో అంటుంది. ఆ మాటకు అప్పీలు లేదు. ఊరంతా ఆమెను జడ్జిగారనే పిలుస్తారు. వేళాకోళంగా మొదలైన పేరే, ఏళ్లు గడిచేసరికి ఆమె నిజంగానే జడ్జి అయిపోయింది. కాస్త గర్వం కూడా వచ్చిందనుకోండి. రాక ఏం చేస్తుంది, ముప్పై ఏళ్లలో ఒక్క తీర్పూ తప్పలేదు.

చివరికి మార్లిసే బయటకు వచ్చి, కాఫీ చల్లారిపోతోంది, ట్రక్కుతో కాపురం తర్వాత చేద్దువుగాని లోపలికి రమ్మని కేకేసింది. వెండెల్ సీసాను చంకలో పెట్టుకుని వచ్చాడు. వంటింట్లో బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె ఒడెట్ ఎలా ఉందని అడిగింది. బాగాలేదన్నాడు. ఎందుకు బాగాలేదో చెప్పడానికి అతనికి కాఫీ అంతా పట్టింది. వెండెల్ స్కూలు బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఇన్నేళ్లూ పిల్లల గోలకు అలవాటుపడి మాట్లాడే పని వాళ్లకే వదిలేశాడేమో, నోట్లో నాలుక లేనట్టుంటాడు.

అతను చెప్పడం పూర్తి కాకముందే మార్లిస్ అందుకుంది. ఆరబెట్టడంలో తేడా వచ్చుంటుందంది. పొయ్యి దగ్గర వేలాడదీశావా అని నిలదీసింది. ఎప్పటిలా వెనక షెడ్డులోనే, చీకట్లోనే ఆరబెట్టానన్నాడు. అయితే వెన్న మాడి ఉంటుందంది. మాడలేదన్నాడు. అలాగైతే ఒడెట్ గుండెకు వేసుకునే కొత్త మాత్రలేవో దీనికి పడలేదని తేల్చింది. ఒడెట్ గుండెకు మాత్రలేమీ వేసుకోదని వెండెల్ గొంతు తగ్గించి చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. అంటున్న మార్లిస్‌కే ఎక్కడో తెలుస్తోంది. తెలిసేకొద్దీ గొంతు పెరుగుతోంది.

"నువ్వు తెచ్చిన కొమ్మ నేను చూశాను వెండెల్. నా రెండు కళ్లతో చూశాను. తేనె తిరిగిపోయింది. ఇంకో రెండ్రోజులాగితే ముదిరిపోయేది."

వెండెల్ జేబులోంచి ఫోను తీశాడు. దాని వెనక ఒక చిన్న అద్దం బిగించి ఉంది. మనవరాలు స్కూల్లో చీమల కాళ్లు చూడ్డానికి వాడేదట, అడిగి తెచ్చుకున్నాడు. సీసా మూత తీసి, ఒక మొగ్గను బల్ల మీద పెట్టి, ఫోను దాని మీదకు వంచాడు. ముందు బొమ్మ ఊగింది. మోచేతులు బల్లకు ఆనించాక కుదురుకుంది. జిగురు బొట్లు తెర మీద బఠాణీలంత కనిపించాయి.

"నువ్వే చూసి చెప్పు," అన్నాడు.

మార్లిస్ వంగి చూసింది. ఆమె మొహంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. గెలిచినవాళ్ల వెలుగు.

"ఇదిగో, నువ్వే తెచ్చి చూపిస్తున్నావు కదయ్యా. తేనె కారిపోతోంది. ఇంతకంటే ఏం కావాలి నీకు?"

వెండెల్ తెరను చూశాడు. ఆమె మొహాన్ని చూశాడు. మళ్లీ తెరను చూశాడు. అక్కడున్న బొట్లు వాన వెలిశాక కిటికీ అద్దానికి పట్టిన చుక్కల్లా ఉన్నాయి. రంగన్నదే లేదు. పాలు కూడా తిరగలేదు. ఇంటి దగ్గర పదిసార్లు చూసుకున్నాడు, మనవరాలికీ చూపించాడు. ఆ పిల్ల కూడా నీళ్లలా ఉన్నాయనే అంది. ఈవిడ మొండికేస్తోందనుకుంటే కోపం తెచ్చుకోవచ్చు, అది తేలిక. కానీ ఆమె మొహంలో మొండితనం లేదు. నిజంగానే తేనె కనబడుతున్న మనిషి మొహం అది.

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట తీగ మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఆ దుప్పట్ల సంగతి కొండంతా తెలుసు. బావి నీళ్లలో తుప్పు దిగి గుడ్డలన్నీ పసుపెక్కిపోతున్నాయని మార్లిస్ వేసవంతా గోలపెట్టింది. వెండెలే వచ్చి ఆమె నీళ్ల ట్యాంకు ఫిల్టరు మార్చాడు. అయినా పోలేదంటే మళ్లీ వచ్చి మళ్లీ మార్చాడు. సీసాలకొద్దీ బ్లీచింగ్ పోసి ఉతికీ ఉతికీ ఆమె సగం దుప్పట్లు చింపేసుకుంది. అప్పుడు ట్యాంకు మీదెక్కి పనిచేశాడే గానీ, దుప్పట్ల వంక చూడాలని అతనికి తట్టలేదు. ఇప్పుడు చూశాడు.

చాలాసేపు చూశాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మార్లిస్, ఆ దుప్పట్లు తెల్లగా ఉన్నాయి."

"ఎక్కడి తెలుపు? నిన్న బ్లీచింగ్‌లో నానబెట్టినా ఆ పసుపు..."

"తెల్లగా ఉన్నాయి. నేను ఫిల్టరు మార్చినప్పుడూ తెల్లగానే ఉండుంటాయి."

మార్లిస్ కిటికీలోంచి దుప్పట్లను చూసింది. వెన్నరంగులో ఉన్నాయి. వెండెల్ చొక్కా చూసింది, అదీ వెన్నరంగే. కాఫీకప్పు, సింకు, గోడ. పోయిన చలికాలం తనే వేయించిన సున్నం. అన్నీ ఒక్కటే రంగు. తను కూర్చున్న ప్రపంచమంతా తేనెలో ముంచి తీసినట్టుందని, అది ప్రపంచం తప్పు కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

నిజానికి తెలుసుకునే అవకాశం ముందే వచ్చింది. జూన్‌లో యురేకా పట్నం వెళ్లి కంటి డాక్టరమ్మకు చూపించుకుంది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేయించుకోమని ఆవిడ చెప్పింది. మసక ఉంటుంది, ఎదురు లైట్లు పగిలినట్టు కనిపిస్తాయి, రంగులు కూడా మారతాయి అని ఓపిగ్గా వివరించింది. మార్లిస్ మసక దగ్గరే వినడం మానేసింది. కోతలయ్యాక చూద్దామనుకుని ఇంటికొచ్చి, ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కళ్లు కనిపించని జడ్జి వరండాకు కొమ్మ పట్టుకుని ఎవరొస్తారు? భర్త పోయాక ఆ ఇంట్లో మనుషుల అలికిడి వినిపించేది ఆ నెలరోజులే. మిగతా ఏడాదంతా ఆ నెల కోసమే ఎదురుచూస్తుంది.

భూతద్దం ఉంది కదా, అందులో అన్నీ పెద్దవిగానే కనిపిస్తున్నాయి కదా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. పెద్దవిగా కనిపించాయి, నిజమే. ఈ ఏడు పంట ఎంత త్వరగా పండుతోందో అని మురిసిపోయింది కూడా. వచ్చిన ప్రతి కొమ్మకూ 'కోసెయ్' అంది. వరసగా అందరి మొహాలూ కళ్లముందు తిరిగాయి. ఆ మొహాల చివర మంచం అంచు పట్టుకుని కూర్చున్న ఒడెట్.

సిగ్గుతో చచ్చిపోవడమన్న మాట మార్లిస్ చాలాసార్లు వాడింది, ఎవరైనా వాడతారు. అది ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో ఆమెకు ఆ రోజే తెలిసింది. చెవుల్లో మొదలై మెడ మీదుగా దిగి చేతుల్లోకి వచ్చింది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో దాచుకుంది.

"డాక్టరు చెప్పింది వెండెల్. జూన్‌లోనే చెప్పింది," అంది.

వెండెల్ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమె కాచుకుని కూర్చుంది. అతను మొగ్గను జాగ్రత్తగా సీసాలో వేసి మూత బిగించాడు. ఒడెట్‌కి ఏం చెప్పమంటావని మాత్రం అడిగాడు. మార్లిస్ కోటు తీసుకుని, నేనే వచ్చి చెప్తానంది. తన బండి తాళాల కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, అతని ట్రక్కెక్కింది.

ఒడెట్ ఇంటి ముందు వరండాలో, ఎండ పడే మూల, మెత్తలు వేసిన కుర్చీలో ఉంది. రెండు రాత్రుల నిద్రలేమి మొహాన్ని గుంజేసింది. మార్లిస్‌ని చూడగానే నవ్వబోయి, నడుము పట్టేసి, సగంలో ఆపేసింది. పక్కనున్న బల్ల చూపించి కూర్చోమంది. మార్లిస్ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. శుక్లాలు, దుప్పట్లు, జూన్, నువ్వు నిద్రపోకపోవడానికి నేనే కారణం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. వెండెల్ పక్కకు తిరిగి కంచె చూస్తూ నిలబడ్డాడు.

ఒడెట్ అంతా విని, తెలుసంది.

"ఏం తెలుసు?"

"నీకు కనబడటం లేదని. ఆగస్టులో మనిద్దరం జామ్ కాచినప్పుడు తెలిసింది. నువ్వు పచ్చి పీచ్‌లన్నీ మాగినవనుకుని బుట్టలో వేస్తుంటే, నీ వెనకే నేను ఏరి బల్ల కింద పెట్టాను. సాయంత్రానికి నా కాళ్ల దగ్గర గంపెడు. నువ్వేమో ఈ ఏడు పండు భలే రంగొచ్చిందంటున్నావు."

వెండెల్ చటుక్కున ఇటు తిరిగాడు. ఈ మాట అతనికీ కొత్తే.

"తెలిసీ నన్ను కొమ్మతో పంపించావా?" అన్నాడు. వాళ్లిద్దరి కాపురంలో అతను గొంతు పెంచింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

"పంపించకపోతే ఎందుకని అడుగుతావు. చెప్తే నీ మొహం చూసి పక్కింటివాళ్లకు తెలిసిపోతుంది. వాళ్ల నుంచి కొండంతా." ఒడెట్ మార్లిస్ వైపు తిరిగింది. "అప్పుడు నీ గడప తొక్కేవాళ్లెవరే? నిన్ను నీ వరండాలో ఒంటరిగా కూర్చోబెట్టడం నాకిష్టం లేకపోయింది. ఏముంది, మహా అయితే ఒక చలికాలం నిద్రపోను అనుకున్నా. ఇదివరకు పోలేదా ఏంటి అనుకున్నా." శాలువా దగ్గరికి లాక్కుంది. "ఇంత కష్టంగా ఉంటుందని మరిచిపోయాను. అది నా తెలివితక్కువ."

మార్లిస్ బల్ల మీద కూలబడింది. తప్పు చేసి తిట్లు తినడం ఒక రకం. తన తప్పును ఇంకొకరు తెలిసీ ఒంటి మీద వేసుకుని, రాత్రంతా మోసి, పొద్దున్నే పలకరిస్తే ఆ మొహాన్ని ఎలా చూడాలి? ఆమె చూడలేకపోయింది. ఒడెట్ చెప్పులను చూస్తూ, తన పెరట్లో ఆరు మొక్కలూ ఇంకా నిలబడే ఉన్నాయని, అందరివీ అయ్యాక తనవి కోద్దామని ఆగానని, అవన్నీ ఒడెట్‌వేనని చెప్పింది. అదీ మీ గింజే కదా, నీకు పడుతుంది, కాదనొద్దు అని బతిమాలింది.

"కాదనను. మొహమాటపడే ఓపిక లేదు నాకు," అంది ఒడెట్. "కానీ అవి ఎప్పుడు కోయాలో నువ్వు చెప్పకు."

ముగ్గురూ నవ్వారు. మార్లిస్ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఒడెట్ చెయ్యి చాపి ఆమె మోకాలి మీద వేసింది. అప్పుడు అసలు మాట చెప్పింది. తన నిద్ర సంగతి తేలిపోయింది, సరే. ఇంకా కోయనివాళ్లు కొండ మీద సగంమంది ఉన్నారు. ఆదివారం నుంచి వానలంటున్నారు. వాళ్లంతా నీ మాట కోసమే చూస్తున్నారు, వాళ్లకు నువ్వే చెప్పాలి అంది. నేను చెప్పను, వెండెల్‌నీ చెప్పనివ్వను, మేం చెప్తే అది చాడీ అవుతుంది, నువ్వు చెప్తే మాట అవుతుంది అంది.

"శనివారం కోతల విందుకు కొండంతా వస్తారుగా, అక్కడే చెప్తాను," అంది మార్లిస్. "ప్రమాణం చేసి చెప్తున్నా ఒడెట్. చెప్తాను."

ఆ క్షణంలో ఆమె అబద్ధమాడలేదు. మీరు ఇది గుర్తుపెట్టుకోవాలి. చెప్పాలనే అనుకుంది. చెప్పేశాక ఎంత తేలిగ్గా ఉంటుందో కూడా ఊహించుకుంది. ఒడెట్ ముందు నోరు విప్పాక, అంతకంటే కష్టమైన గడప ఇంకేముంటుందనుకుంది.

సరిగ్గా అప్పుడే బర్ల్ హాచర్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చి వాకిట్లో ఆగింది. బర్ల్‌ది వాగు ఒడ్డున పల్లపు చేను. పొద్దున్నే మంచు దిగితే మధ్యాహ్నానికి గానీ లేవని చోటు అది. నలభై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇంకా ఫుట్‌బాల్ మైదానంలోనే ఉంది. దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏం జడ్జిగారూ, కోర్టు ఇక్కడికి మార్చేశారా? మీ ఇంటికెళ్తే తాళం. దుప్పట్లు మాత్రం తెల్లగా మెరిసిపోతున్నాయి, ఎవరినైనా పెళ్లి చేసుకుంటున్నారా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. బర్ల్‌కి అది పెద్ద లెక్క కాదు, తన నవ్వు తనే నవ్వుకుంటాడు. అతని చేతిలో జానెడు కొమ్మ ఉంది. దాన్ని మార్లిస్ ఒళ్లో పెట్టి, మెట్టు మీద చతికిలబడ్డాడు. వానలొస్తున్నాయంటున్నారు, మా ఆవిడ ఇవాళే కోసేద్దామని నా ప్రాణం తీస్తోంది, నేనేమో జడ్జిగారు చెప్పందే కత్తెర ముట్టనన్నాను అని గబగబా చెప్పేశాడు.

మార్లిస్ ఒడెట్ వైపు చూసింది. ఒడెట్ ఆమెనే చూస్తోంది. తిట్టే చూపు కాదు, ఎదురుచూసే చూపు. వెండెల్ ఏదో అనబోయాడు. ఒడెట్ చెయ్యెత్తి అతని మణికట్టు పట్టుకుంది.

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. ఎంతసేపని, నాలుగు మాటలు. 'నాకు కనబడటం లేదు బర్ల్.' అంతే. కానీ బర్ల్ ఆమె మొహంలోకి చూస్తున్నాడు. తీర్పు కోసం పిల్లాడిలా మోకాళ్లు దగ్గరికి లాక్కుని చూస్తున్నాడు. ఇన్నేళ్లూ జనం ఆమెను అలాగే చూశారు. చెప్పిన మరుక్షణం ఆ చూపు జాలిగా మారిపోతుంది, మారడం ఆమె కళ్లారా చూడాలి. ఆ ఒక్కటీ ఈ పాడు కళ్లకు కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

చెయ్యి దానంతటదే కోటు జేబులోకి వెళ్లింది. భూతద్దం తీసింది. కంటికి తగిలించుకుంది. కొమ్మను వెలుతురుకు ఎత్తింది. తేనె. కొమ్మంతా తేనె, ఆకులంతా తేనె, వెనకనున్న ఆకాశమంతా తేనె.

ఇదివరకు తేనెను చూసి 'కోసెయ్' అంటేనే కదా ఇంత జరిగింది. అంటే ఇది తేనె కాదు, నీళ్లయి ఉండాలి. అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతున్న ఆమె బుర్ర అటే పరిగెత్తింది.

"ఇంకా పచ్చిది," అంది. గొంతు ఆమెదే, ఎప్పటిదే, తిరుగులేని గొంతు. "ఇంకో వారం ఆగు."

"వానొస్తుందేమో..."

"వానకు జడిసి పచ్చిది కోసుకుంటావా? ఆగు."

బర్ల్ తొడ చరుచుకుని లేచాడు. మా ఆవిడకిప్పుడు చెప్తానుండు అన్నాడు. మార్లిస్ భుజం తట్టి, ఒడెట్‌ని ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమని చెప్పి, వచ్చినంత జోరుగా ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. కొమ్మ మార్లిస్ ఒళ్లోనే ఉండిపోయింది.

ఒడెట్ మార్లిస్ మోకాలి మీది నుంచి చెయ్యి తీసేసి, తన శాలువా లోపల పెట్టుకుంది. కోపంగా లాక్కోలేదు. మెల్లగానే తీసుకుంది. మార్లిస్‌కి మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇందాక వంటింట్లో పడ్డ సిగ్గు కళ్లకు సంబంధించింది. దానికి డాక్టరుంది, ఆపరేషనుంది. ఇది తను. రెండు నిమిషాల కింద ప్రమాణం చేసిన నోటితో, ఎవరి ముందు చేసిందో వాళ్ల ముందే, తెలిసి తెలిసి చేసింది.

వెండెల్ వచ్చి ఆమె ఒళ్లోంచి కొమ్మ తీసుకున్నాడు. ఫోను తీసి, వరండా అంచున ఎండలో పెట్టి చూశాడు. మోచేతులు ఆనించుకుని, అటొకటి ఇటొకటి మూడు మొగ్గలు చూశాడు.

"పాలు దాటిపోయింది," అన్నాడు. "సగం తేనె తిరిగింది. నిజమైన తేనె. ఇది ఇవాళే కోయాలి."

"నేను... శనివారం అతనికి..." అంది మార్లిస్.

"శనివారం దాకా ఎందుకుంటుంది?" అంది ఒడెట్. "వెళ్లింది బర్ల్ హాచర్. దారిలో ప్రతి గేటు దగ్గరా ఆగి హారన్ కొట్టి, మనుషుల్ని బయటకు పిలిచి కబుర్లు చెప్పందే వాడు ఏనాడైనా ఇంటికి చేరాడా? చీకటి పడేలోపు అందరికీ చెప్పేస్తాడు. జడ్జిగారు ఆగమన్నారు, వారం దాకా ఎవరూ కోయొద్దని."

వెండెల్ ట్రక్కు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. మార్లిస్ లేవబోయింది.

కింద మలుపు దగ్గర, మొదటి గేటు ముందు, హారన్ మోగింది.